రక్తసాక్ష్యము: స్తనార్బుద చికిత్సానంతర పరీక్షల పూర్వకథ

శస్త్రమున ఛేదింపబడిన అర్బుదము మరల మొలకెత్తునేమో యన్న భీతి శస్త్రవిద్య యెంత ప్రాచీనమో అంత ప్రాచీనము. సుశ్రుతసంహిత నిదానస్థానమున పదునొకండవ అధ్యాయము అర్బుదలక్షణములను వివరించుచు, పూర్వము పుట్టిన గడ్డపైననే మరియొకటి పుట్టినయెడల అది అధ్యర్బుదమనియు, ఒకేమారుగానో ఒకదానివెంట నొకటిగానో జంటగా పుట్టినచో అది ద్విరర్బుదమనియు, అట్టివి అసాధ్యములనియు వేఱుగా లెక్కించినది. చికిత్సాస్థానము మరియొక యడుగు ముందునకు వేసి, దోషశేషమును కొంచెమైనను మిగిల్చి గడ్డను కోసిన వైద్యుని చేతిలో అది శీఘ్రముగా పునర్జన్మ మెత్తుననియు, కావున నిశ్శేషముగా తీసివేయవలెననియు హెచ్చరించినది. కృష్ణాతీరమున తరతరములుగా ఆ గ్రంథమును పఠించిన వైద్యులు ఈ సంగతి నెరుగనివారు కారు. మిగిలిన శేషము కంటికిని చేతికిని అందకముందే దానిని కనిపెట్టు ఉపాయము మాత్రము వారికి గాని, వారి తరువాత చాలకాలము వచ్చిన దొరల వైద్యులకు గాని లభింపలేదు.

ఆ ఉపాయము నేడు విజయవాడలో వీథివీథిని దొరకుచున్నదని జనులు నమ్ముచున్నారు. రొమ్ముక్యాన్సరుకు ఆపరేషను చేయించుకొని, కీమో ఇంజక్షనులు పూర్తిచేసికొని, వాడుకలో ‘కరెంటు’ అనబడు రేడియేషనును పెట్టించుకొని ఇల్లు చేరిన గృహిణి, మూడు నెలలకో ఆరు నెలలకో తెనాలినుండియో గుడివాడనుండియో అవనిగడ్డనుండియో బస్సెక్కి వచ్చి, సూర్యారావుపేటలో ఏదో యొక ల్యాబున చేయి చాచి కొంచెము నెత్తురిచ్చి, సాయంకాలమునకు సెల్‌ఫోనులోనికి వచ్చిపడు ఒక అంకెకొరకు ఎదురుచూచును. ఆ అంకెను వారందరును ‘మార్కరు’ అందురు. అది ముప్పదికి లోబడినచో ఇంటిల్లిపాదియు ఊపిరి పీల్చుకొందురు. ముప్పదియైదైనచో ఆ రాత్రి ఎవరికిని నిద్రపట్టదు. ఈ అంకె యెక్కడ పుట్టినది, ఎవరి చేతులమీదుగా వచ్చినది, మన డెల్టాకును దీనికిని గల చుట్టరికమెట్టిది, ఇది పలుకు సాక్ష్యము ఎంతవరకు నమ్మదగినది యను ప్రశ్నలు ఈ వ్యాసమునకు విషయములు.

ముందుగా మన ప్రాంతపు పూర్వస్థితిని తలచుకొనవలెను. 1855 నాటికి బెజవాడకడ ఆనకట్ట పూర్తియై, కాలువలు పారి, డెల్టా అన్నపూర్ణయైనదేగాని, రొమ్మున గడ్డ పుట్టిన స్త్రీకి ఆ సంపదవలన ఒరిగినది స్వల్పము. పరపురుషుడైన వైద్యునియెదుట పైట తొలగింపజాలక, ఇంటివారితో సైతము చెప్పజాలక, గడ్డ పుండై వాసన వేయువరకు దాచికొన్నవారే యెక్కువ. లోకులు దానిని రాచపుండనిరి. 1883లో గుంటూరునకు వచ్చిన అమెరికను లూథరను వైద్యురాలు ఆనా కుగ్లరు 1898లో అచ్చట ఆసుపత్రి తెఱచుటతో, స్త్రీకి స్త్రీయే వైద్యురాలుగా లభించు భాగ్యము ఈ ప్రాంతమునకు తొలిసారి పట్టినది. ఆ యాసుపత్రిని గుంటూరువారు నేటికిని కుగ్లరు ఆసుపత్రి యనియే పిలుతురు. అయినను క్యాన్సరనగా మద్రాసే దిక్కు. రైలుమార్గము లేని దినములలో కొమ్మమూరు కాలువనుండి బకింగుహాము కాలువలోనికి పడవపై సాగిన ప్రయాణము, 1899లో బెజవాడ గూడూరుల నడుమ రైలుదారి పూర్తియైన పిమ్మట ఒక రాత్రి ప్రయాణముగా కుదించుకొనిపోయెను. 1934లో మద్రాసున బర్నార్డు రేడియాలజీ సంస్థ వెలసెను. 1954లో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి సంకల్పబలమున అడయారు క్యాన్సరు సంస్థ తలుపులు తెఱచెను. మరుసటి యేడు హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగు పేరిటి ఆసుపత్రి మొదలయ్యెను. గుంటూరులో వైద్యకళాశాల 1946లోనే వచ్చినను, కరెంటు పెట్టించుకొనుటకు దక్షిణమునకు పోవు రైలెక్కుట డెల్టావారికి దశాబ్దములపాటు తప్పలేదు.

ఆ దినములలో చికిత్సానంతర పర్యవేక్షణ యనగా రోగి మరల రైలెక్కి వచ్చుటయే. వైద్యుడు వ్రణపు మచ్చను తడిమి, చంకను తడిమి, రెండవ రొమ్మును తడిమి, కాలేయము పెరిగినదేమో చూచి, “ఎముకల నొప్పులేమైన ఉన్నవా అమ్మా?” యని యడిగి, రొమ్ముపంజరమునకు ఎక్స్‌రే తీయించి, మరల ఆరు నెలలకు రమ్మని పంపివేయువాడు. వచ్చినవారు వచ్చిరి; రానివారు బాగుండి రాలేదో, లేక రాకయే పోయిరో తెలియుటకు మార్గము లేకుండెను. పంట కోతలు, పుష్కరాలు, కూతురి పురుడు, చేతిలో చార్జీలకు డబ్బు లేమి, ఇవి యన్నియు ఆ ఆరు నెలలను రెండేండ్లుగా సాగదీసెడివి.

ఖండాంతరములలోని శస్త్రవైద్యులకు సైతము ఇంతకంటె మెరుగైన సాధనము చాలకాలము లేదు. బాల్టిమోరులోని జాన్సు హాప్కిన్సు ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడు, రొమ్మును దాని క్రింది కండరములతోను చంకలోని గ్రంథులతోను సమూలముగా తొలగించు విధానమును అవలంబించి, 1894లో యాబదిమంది రోగుల ఫలితములను ప్రకటించెను. కోసిన చోటనే రోగము తిరుగబెట్టుట బహుస్వల్పమైనందున లోకమంతయు అతని మార్గము పట్టినది. కాని మచ్చయొద్ద లేని రోగము ఎముకలలోను ఊపిరితిత్తులలోను కాలేయమునందును బయటపడి ప్రాణములు తీయుచుండుట ఆగలేదు. లండనులో స్టీఫెను పాజెటు 1889లోనే, రొమ్ముక్యాన్సరుతో మరణించిన 735 మంది స్త్రీల శవపరీక్షల వివరములను పరిశీలించి, రోగబీజము తనకు అనువైన క్షేత్రముననే మొలచునని సిద్ధాంతీకరించెను. అంతకంటె ఇరువది యేండ్లు పూర్వము, 1869లో, ఆస్ట్రేలియాలో థామసు ఆష్‌వర్తు అను వైద్యుడు ఒక మృతుని రక్తములో, అతని దేహమందలి కణితులలోని కణములను పోలిన కణములను సూక్ష్మదర్శినిలో చూచి, వ్రాసిపెట్టెను. రోగశేషమునకు వాహనము రక్తమే యైనపుడు రక్తమునే ఏల అడుగరాదను ఊహకు బీజము అచ్చట పడినది; అది మొలకెత్తుటకు మాత్రము ఇంచుమించు నూరేండ్లు పట్టినది.

ఈ నడుమ రక్తమునడుగు విద్యకు మన డెల్టాలనుండి వెడలిన ఒక మహానుభావుడు చేసిన ఉపకారమును చెప్పక ముందునకు పోరాదు. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. కొల్లేటికి ఆవలనున్న భీమవరమును కృష్ణాడెల్టా కథలోనికి లాగుట ఎందుకని యెవరైన అడిగినచో, 1904 మొదలు 1925లో పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడువరకు భీమవరము తాలూకా కృష్ణాజిల్లాలోనిదే యని జవాబు చెప్పవచ్చును. ఆయన చదువుకొన్నదియు, 1923లో ఓడయెక్కి బోస్టను చేరినదియు ఆ నడిమి కాలముననే. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు వస్త్రముతో శస్త్రశాలలో నిలిచినందులకు ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకొనవలసి వచ్చిన ఆ యువకుని ఇరువురు సోదరులు స్ప్రూ అను సంగ్రహణిజాతి వ్యాధికి రోజుల వ్యవధిలో బలియైరి. ఆ దుఃఖమే ఆయనను ప్రయోగశాలకు కట్టివేసినదని జీవితచరిత్రకారులందురు. నాకును అది యసంభవముగా తోపదు.

హార్వర్డులో సైరసు ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ప్రకటించిన పద్ధతి, రక్తమూత్రములలోని ఫాస్ఫరసును రంగు గాఢతనుబట్టి కొలుచునట్టిది. చూపునకు చిన్న సంగతి. మన వైద్యవిద్యార్థులు నేటికిని ఫిస్కే–సుబ్బారావు పద్ధతి యని దానిని వల్లెవేయుదురు గాని దాని వంశవృక్షమును తలచువారరుదు. ఎముకలకును కాలేయమునకును క్యాన్సరు ప్రాకినపుడు రక్తములో పెరుగు ఫాస్ఫటేజు అను కిణ్వమును కనుగొనుటయే, శరీరాంతర్భాగమున దాగిన రోగశేషమును రక్తముద్వారా పసిగట్టు తొలి ప్రయత్నములలో ఒకటి. ఆ కిణ్వమును నేరుగా కొలువలేక, అది విడుదలచేయు ఫాస్ఫరసును కొలుచుటయే నాటి మార్గములలో ప్రధానమైనది. ఫాస్ఫరసు కొలతకు ఫిస్కే–సుబ్బారావుల మార్గము దశాబ్దములపాటు రాజమార్గమై వర్ధిల్లినది. అయితే ఫాస్ఫటేజు పలుకు సాక్ష్యము స్థూలమైనది. ఎముక విరిగి అతుకుచున్నను అది పెరుగును, కాలేయము వాచినను పెరుగును, ఎదుగు పిల్లలలో స్వభావముచేతనే పెరిగియుండును. రోగము ముదిరినపుడు తప్ప నిక్కచ్చిగా ఏమియు చెప్పదు.

సుబ్బారావుగారి రెండవ ఉపకారము ఇంతకంటె విచిత్రమైన దారిని వచ్చినది. లెడర్లీ కంపెనీ పరిశోధనాధిపతిగా ఆయన నడపిన బృందము ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసి 1945లో ప్రకటించినది. దాని పోలికతో పుట్టి దానికే శత్రువులైన అమినోప్టెరిను, మెథోట్రెక్సేటులు ఆ వెంటనే అచ్చటనే రూపుదిద్దుకొన్నవి. బోస్టనులో సిడ్నీ ఫార్బరు పదునారుగురు రక్తక్యాన్సరు పసివాండ్రకు అమినోప్టెరినునిచ్చి, వారిలో పదిమందికి తాత్కాలికముగా నెమ్మదించెనని 1948 జూనులో ప్రకటించెను. అదే సంవత్సరము ఆగస్టులో సుబ్బారావుగారు నిదురలోనే కన్నుమూసిరి. తన ఔషధము తరువాత ఏమేమి చేసెనో చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను.

అది చేసిన పనులలో మన విషయమునకు ముఖ్యమైనది 1956లో జరిగినది. అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలో పనిచేయుచున్న చైనాదేశీయుడు మిన్ చియు లీ, రాయ్ హెర్ట్‌జు మొదలగువారితో కూడి, గర్భమునందలి మావినుండి పుట్టి ఊపిరితిత్తులకు ప్రాకి యువతులను కొలదినెలలలో కబళించు కొరియోకార్సినోమాకు మెథోట్రెక్సేటును ప్రయోగించెను. ఆ కణితి గర్భిణులలో కనబడు హార్మోనునే స్రవించును గనుక, రోగి మూత్రమును ప్రయోగశాలలోని ఎలుకలపై పరీక్షించి ఆ హార్మోను ఎంతయున్నదో లెక్కకట్టవచ్చును. ఎక్స్‌రేలో కణితులు అదృశ్యమైనవి, రోగి లేచి తిరుగుచున్నది; అయినను ఆ యంకె సున్నకు రాలేదు. లీ మందు ఆపలేదు. ఆరోగ్యవతివలె కనబడు స్త్రీకి ఒక అంకెనుబట్టి విషతుల్యమైన ఔషధమును ఇంకను ఎక్కించుట తగదని పైవారు అభ్యంతరము చెప్పిరి, లీ వినలేదు, 1957లో ఆయన ఉద్యోగము పోయినది. కాలక్రమమున తేలినదేమనగా, అంకె సున్నయగువరకు మందు పుచ్చుకొన్నవారు బ్రతికిరి, మధ్యలో ఆపివేసినవారికి రోగము తిరుగబెట్టెను. 1972లో లాస్కరు పురస్కారమునిచ్చి లోకము తన అపరాధమునకు పరిహారము చెల్లించుకొన్నది.

కణితి విడుచు జాడను కొలుచుచు, ఆ కొలతయే చికిత్సను నడపుటకు ఇది ప్రథమోదాహరణమని వైద్యచరిత్రకారులు గణింతురు. నేను ఇచ్చట కొంచెము తడవు నిలిచితినేల యనగా, తరువాతి కథయంతయు ఈ ఘట్టపు వెలుగులో చూడవలసియున్నది. అచ్చట అంకె విలువగలదగుటకు కారణము, అంకె హెచ్చినపుడు దానిని తగ్గింపగల మందు వైద్యుని చేతిలోనుండుట. ప్రకాశము బ్యారేజీకడ ప్రవాహము 3.97 లక్షల క్యూసెక్కులకు చేరగనే మొదటి ప్రమాద హెచ్చరిక యెగురవేయుదురు. ఎత్తుటకు డెబ్బది గేట్లును, లంకగ్రామములవారిని తరలించుటకు పడవలును ఉన్నందుననే ఆ కొలతకు సార్థకత. గేట్లు లేని యేటికి ఎంత సూక్ష్మమైన కొలబద్దను పాతినను మునుగువారు మునుగకమానరు.

రొమ్ముక్యాన్సరు విషయమున గేట్లు మెల్లగా వచ్చినవి. శస్త్రచికిత్సనాటికే రోగబీజములు దేహమున వ్యాపించియుండవచ్చునని అమెరికాలో బెర్నార్డు ఫిషరు వాదించి, పరీక్షించి చూపుచుండగా, ఇటలీలోని మిలాను నగరమున జియాన్నీ బొనడోన్నా, ఆపరేషనైన వెంటనే, రోగము తిరుగబెట్టకముందే, మూడు మందులను కలిపి ఇచ్చి చూచెను. 1976లో ఆయన ప్రకటించిన ఫలితములలో, మందు పుచ్చుకొనని 179 మందిలో నూటికి 24 మందికి రోగము తిరిగి రాగా, పుచ్చుకొన్న 207 మందిలో నూటికి అయిదుగురికి మాత్రమే వచ్చెను. ఆ మూడు మందులలో నడిమిది మెథోట్రెక్సేటు. భీమవరపు బ్రాహ్మణయువకుని ప్రయోగశాలనుండి వెలువడిన ఔషధము, ఆయన పోయిన ముప్పదేండ్లలోపల, గుంటూరు పెద్దాసుపత్రిలోను అడయారులోను ఆయన ఊరి ఆడపడుచుల నరములలోనికే ఎక్కవలసియుండుట దైవఘటన యందునా, చరిత్ర యందునా, తెలియకున్నది.

ఇక అంకె. 1959 ప్రాంతమున న్యూయార్కులో రోజాలిను యాలో, సాలమను బెర్సనులు రేడియోధార్మిక ద్రవ్యసహాయమున రక్తములోని అత్యల్పమాత్రమైన ఇన్సులినును కొలుచు విధానమును కనిపెట్టుటతో, సూక్ష్మాతిసూక్ష్మమైన ప్రోటీనులను లెక్కించు యుగము మొదలైనది. 1965లో మాంట్రియలులో ఫిల్ గోల్డు, శామ్యూలు ఫ్రీడ్‌మనులు పెద్దప్రేగు కణితులలో, గర్భస్థశిశువులలోను కనబడు ఒక ద్రవ్యమును గుర్తించిరి, సి.ఇ.ఎ. అని వ్యవహరింపబడు అది కొంతకాలము రొమ్ముక్యాన్సరుకును సాక్షిగా పిలువబడినది గాని, దాని సాక్ష్యము తడబాటులమయము. 1975లో కేంబ్రిడ్జిలో కోలరు, మిల్‌స్టీనులు ఒకే లక్ష్యమును గుర్తించు ప్రతిరక్షకములను కావలసినన్ని తయారుచేయు విద్యను సాధించుటతో దారి సుగమమైనది. 1984లో రెండు ప్రతిరక్షకములు వార్తకెక్కినవి: ఒకటి నెదర్లాండ్సులో తల్లిపాలలోని వెన్నకణముల పైపొరను ఆధారముగా చేసికొని తయారైన 115డి8, రెండవది బోస్టనులో రొమ్ముక్యాన్సరు కణములతో తయారైన డి.ఎఫ్.3. రెండింటిని జోడించి తయారుచేసిన పరీక్షయే సి.ఎ. 15–3. అది పట్టుకొనునది పాలగ్రంథుల కణముల పైపొరమీదనుండు మ్యూసిను అను ప్రోటీను; క్యాన్సరుకణము తన హద్దులు మరచినపుడు, పాలలోనికి పోవలసిన ఆ ప్రోటీను రక్తములోనికి జారును. డి.ఎఫ్.3 పుట్టిన బోస్టను సంస్థ పేరు డానా–ఫార్బరు. సుబ్బారావుగారి మందును పసివాండ్రకిచ్చిన సిడ్నీ ఫార్బరే దాని స్థాపకుడు. చుట్టరికము తిరిగి తిరిగి మన గుమ్మమునకే వచ్చినది.

ఈ లోపల ఇచ్చటి పరిస్థితియు మారుచుండెను. 1980లో విజయవాడలో సిద్ధార్థ వైద్యకళాశాల ఏర్పడినది. 1986లో ఆరోగ్యవిజ్ఞాన విశ్వవిద్యాలయము ఇచ్చటనే వెలసినది. కృష్ణాజిల్లా ఆడపడుచైన నందమూరి బసవతారకముగారు 1984లో క్యాన్సరుతో గతించిన పిమ్మట, ఆమె పేరిట హైదరాబాదులో సంకల్పించిన ఆసుపత్రి 2000 జూనులో ప్రారంభమైనది. ఇదే జిల్లా మంటాడలో పుట్టి న్యూయార్కులో రేడియేషను వైద్యమున ఖ్యాతిగాంచిన డాక్టరు నోరి దత్తాత్రేయుడుగారి పేరు తెలియని క్యాన్సరురోగి డెల్టాలో ఉండదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకము పేదలకు ఆపరేషను, కీమో, రేడియేషనుల ఖర్చును భరించుటతో, మద్రాసుకు రైలెక్కవలసిన అవసరము తగ్గినది. ల్యాబులు పెరిగినవి. 15–3 అను అంకె సామాన్యుల నాలుకలపైకి వచ్చినది.

అంకె వచ్చినది సరే. అది ప్రాణములు నిలుపునా? 1994లో ఇటలీనుండి వెలువడిన రెండు పెద్ద పరిశోధనలు ఈ ప్రశ్నకు పరోక్షముగానైనను నిర్దయమైన సమాధానమిచ్చినవి. ఒకదానిలో 1,320 మంది స్త్రీలను రెండు వర్గములుగ చేసి, ఒక వర్గమునకు ఎముకల స్కానులు, కాలేయమునకు అల్ట్రాసౌండు, ఎక్స్‌రేలు, రక్తపరీక్షలు క్రమము తప్పక చేయించిరి. రెండవ వర్గమునకు వైద్యుని దర్శనము, మామోగ్రాములు మాత్రమే. ఆరేండ్లకు చేరువైన కాలము గడచిన పిమ్మట లెక్కించి చూడగా, విస్తారముగా పరీక్షలు జరిగిన వర్గములో నూటికి ఇరువదిమందియు, రెండవదానిలో పదునెనిమిదిమందియు మరణించియుండిరి; ఆ తేడా గణనకు రానిది. 1,243 మందితో జరిగిన రెండవ పరిశోధన, రోగము తిరుగబెట్టుటను ముందుగా కనుగొన్నను ఆయువు పెరుగలేదని తేల్చినది. 1996లో అమెరికా క్లినికల్ ఆంకాలజీ సంఘము, లక్షణములు లేని స్త్రీలకు సి.ఎ. 15–3ను క్రమముగా చేయించుటకు తగిన ఆధారము లేదని ప్రకటించినది. 2012లో అనవసరముగా చేయించరాదని సంఘము ఎన్నుకొన్న అయిదింటిలో ఇదియు నొకటి.

ప్రతిపక్షమున వాదము లేకపోలేదు. అంకె పెరుగుట, రోగము బయటపడుటకు సగటున అయిదారు నెలలు ముందుగా కనబడుచున్నదనియు, 1994 నాటి చేతికఱ్ఱల వంటి మందులతో నేటి మందులను పోల్చరాదనియు ఐరోపాలోని కొందరు పండితులు వాదింతురు. వారి మాటలో కొంత నిజమున్నది. అయితే ఆ నిజమును నిరూపించు భారము వారిదే, పరీక్షకు సొమ్ము చెల్లించు రోగిది కాదు. పైగా అంకె అబద్ధమాడు సందర్భములు అనేకములు. కాలేయవ్యాధులలో అది పెరుగును. క్యాన్సరుకాని రొమ్ము, అండాశయ వ్యాధులలోను కొన్నిమార్లు పెరుగును. శాకాహారులలో తఱచైన బి12 లోపమువలన కలుగు మెగలోబ్లాస్టిక్ రక్తహీనతలో సైతము పెరుగునని పరిశోధకులు చూపియున్నారు. ఒక ల్యాబుయంత్రము చెప్పిన అంకెకును మరియొకదాని అంకెకును పోలిక కుదరకపోవచ్చును. రోగము నిజముగా తిరుగబెట్టినను కొందరిలో అంకె కదలనే కదలదు. ఇన్ని లోపములుగల సాక్షిని నమ్మి, ముప్పదినాలుగు ముప్పదియారైనదని పెట్‌స్కానుకు పరుగెత్తి, అప్పుచేసి, పంట అమ్ముకొని, చివరకు ఏమియులేదని తెలిసికొన్న కుటుంబములు ఈ ప్రాంతమున కొల్లలుగా కనబడును. లేదని తెలిసినది మంచిదే గదా యందురు. ఆ నెలదినముల నరకమునకు లెక్క ఎవరు కట్టుదురు?

ఇది వ్యాధి ఇదివరకే ఇతరావయవములకు ప్రాకినవారి మాట కాదని స్పష్టముగా చెప్పవలెను. వారికి మందు పనిచేయుచున్నదా లేదా యని చూచుటకు, స్కానులతోపాటు సి.ఎ. 15–3 ఉపకరించును, అచ్చట అంకెనుబట్టి వైద్యుడు చేయదగిన పని యున్నది. గొడవయంతయు ఆపరేషను పూర్తియై, ఆరోగ్యముగా తిరుగుచున్న స్త్రీ విషయమే.

ఇటీవల అంకెకు బదులు మరియొక సాక్షి వచ్చినది. 1948లో, సుబ్బారావుగారు కన్నుమూసిన సంవత్సరముననే, ఫ్రాన్సులో మాండెలు, మెటైసులు రక్తద్రవములో కణములనుండి విడివడిన న్యూక్లియికామ్లము తిరుగాడుచుండునని కనుగొనిరి, అప్పుడెవరును పట్టించుకొనలేదు. దానిలో కణితినుండి వచ్చిన తుంటలను ఏరి గుర్తించు విద్య నేడు సిద్ధించినది. కోసి తీసిన గడ్డలోని జన్యుదోషములను ముందుగా చదివి, ఆ దోషములే రక్తములో కనబడునేమో వెదకు పరీక్షను బ్రిటనులో 49 మంది స్త్రీలపై ప్రయోగింపగా, రోగము తిరుగబెట్టిన పదునెనిమిదిమందిలో పదునారుగురికి ముందుగానే జాడ దొరకినదనియు, ఒకరిద్దరి విషయమున ఆ ముందుచూపు రెండేండ్లవరకు సాగినదనియు 2019లో ప్రకటించిరి. ఆశ చిగురించినది. కాని 2022లో బ్రిటనునుండియే వెలువడిన మరియొక పరిశోధన ఆ యాశకు పగ్గము వేసినది: రక్తములో జాడ దొరకిన వెంటనే చికిత్స మొదలుపెట్టవలెనని సంకల్పించిన వర్గమున స్కాను తీసి చూడగా, పదిమందిలో ఏడుగురికి అప్పటికే రోగము ఇతరావయవములకు ప్రాకియుండెను. సాక్షి సూక్ష్మబుద్ధి గలదే, వచ్చునప్పటికి ఆలస్యమగుచున్నది. ఇట్టి పరిశోధనలు ఇంకను సాగుచున్నవి. వీనిలో ఏ యొక్కటియైన, జాడనుబట్టి మందు మార్చినందున ప్రాణములు నిలిచినవని రుజువుచేసిననాడు, మిన్ చియు లీ కథ రొమ్ముక్యాన్సరుకును వర్తించినదని చెప్పుకొందము. ఆ దినము ఇంకను రాలేదు.

కావున డెల్టాలోని అక్కచెల్లెండ్రకు నేను విన్నవించుకొనునది ఇంతమాత్రమే. ఆపరేషనైన తరువాత వైద్యుడు రమ్మన్న దినమున వెళ్ళుడు. ఏడాదికొకసారి మామోగ్రామును మానకుడు. హార్మోను మాత్రలు వ్రాసియిచ్చినచో మధ్యలో వదలిపెట్టకుడు. మచ్చయొద్దనో చంకలోనో గడ్డ తగిలినను, నడుమునొప్పి వారములతరబడి తగ్గకున్నను, వదలని దగ్గు, ఆయాసము, కామెర్లు కనబడినను, వాయిదా దినమునకై వేచియుండక వెంటనే చూపించుకొనుడు. ఎవరైన మార్కరు పరీక్ష వ్రాసియిచ్చినచో, రక్తమిచ్చుటకు ముందే, “డాక్టరుగారూ, ఇది పెరిగితే మీరు ఏం చేస్తారు?” అని యడుగుడు, స్పష్టమైన సమాధానము వచ్చినచో చేయించుకొనుడు, రానిచో ఆ సొమ్మును మామోగ్రామునకు దాచికొనుడు.